ఇంటెల్‌కూ ఏఎండీకీ పుట్టిల్లు ఒకటే: రాబర్ట్ నాయిస్ జీవితం

ఇంట్లో డెస్క్‌టాప్ నెమ్మదించింది, ప్రాసెసర్ మార్పిద్దామని దుకాణానికి వెళితే కౌంటర్ మీదికి రెండే రెండు రకాల పెట్టెలు వస్తాయి. ఒకటి ఇంటెల్‌ది, రెండోది ఏఎండీది. రెండింటిలోనూ నాలుగు కోర్లే. ధరలో కొంచెం తేడా. ఏది కొనాలి అని మా తరగతిలో అడిగితే చాలు, క్రికెట్ జట్ల గురించి వాదించుకున్నట్టు రెండు పక్షాలు తయారవుతాయి. ఆ వాదన తేల్చుదామని మేము రెండు కంపెనీల చరిత్ర తిరగేశాం. ఎటు నుంచి వెనక్కి వెళ్లినా దారి ఒక్క మనిషి దగ్గరికే చేరింది. ఆయన పేరు రాబర్ట్ నాయిస్. ఇంటెల్‌ను స్థాపించిన ఇద్దరిలో ఆయన ఒకరు. ఏఎండీ మొదలైనప్పుడు దానికి సొంత డబ్బు పెట్టుబడిగా ఇచ్చినవారిలోనూ ఆయన ఒకరు. ప్రత్యర్థులుగా మనం చూస్తున్న ఈ రెండు కంపెనీల మొదట్లో ఒకే మనిషి ఎందుకు కనిపిస్తాడో తెలియాలంటే ఆయన జీవితం తెలుసుకోవాలి.

నాయిస్ 1927 డిసెంబర్ 12న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, బర్లింగ్టన్ అనే ఊళ్లో పుట్టాడు. నలుగురు అన్నదమ్ముల్లో మూడోవాడు. తండ్రి చర్చిలో పాస్టరు. ఏ ఊరి చర్చి పిలిస్తే ఆ ఊరికి వెళ్లాలి. డెన్మార్క్ అనే చిన్న ఊరు, అట్లాంటిక్, డెకోరా, వెబ్‌స్టర్ సిటీ, చివరికి గ్రినెల్. ఇవన్నీ అయోవాలోని ఊళ్లే. ఈ పేర్ల వరుస చదవగానే మాకు మన టీసీలు గుర్తొచ్చాయి. నాన్నకు ఆర్డరు రావడం, సామాన్లు సర్దడం, కొత్త బడిలో చివరి బెంచీలో కూర్చుని ఎవరు ఎవరో తెలుసుకోవడం మనకు కొత్త కాదు. అతనికీ చిన్నప్పుడు అదే బతుకు. పాస్టరు ఇంట్లో డబ్బు ఎప్పుడూ అంతంత మాత్రం. కావలసిన వస్తువు కొనుక్కోలేరు కాబట్టి అన్నదమ్ములు తయారు చేసుకునేవారు.

గ్రినెల్‌లో పన్నెండేళ్ల వయసులో, 1940 వేసవిలో, అతనూ అతని అన్నా కలిసి పిల్లవాడిని మోయగలిగేంత గ్లైడర్ ఒకటి కట్టారు. ఊళ్లోని కాలేజీ గుర్రపుశాల పైకప్పు మీది నుంచి దానితో గాల్లోకి దూకారు. ఎముకలు విరగలేదు. తర్వాత పాత వాషింగ్ మెషీన్ ఇంజనుకు పంఖా బిగించి మంచు మీద జారే బండికి తగిలించాడు. రేడియో ఒకటి మొదటి నుంచి చివరి దాకా సొంతంగా తయారు చేశాడు. ఇలాంటివి చదివి మీరు మేడ ఎక్కి దూకుతారేమోనని మా టీచరు భయపడ్డారు. దయచేసి దూకకండి.

బడి చదువు ముగియకముందే అతనికి గ్రినెల్ కాలేజీలో ఫిజిక్స్ పాఠం వినే అవకాశం దొరికింది. చెప్పేవారు గ్రాంట్ గేల్ అనే ప్రొఫెసరు. అదే కాలేజీలో చేరాక నాయిస్ ఈతకొలనులో డైవింగ్ ఛాంపియన్ కూడా అయ్యాడు. చదువు, ఆట, పాట, నాటకం అన్నిట్లోనూ ముందుండే కుర్రాడు. అలాంటి కుర్రాడు 1948లో ఒక పెద్ద తప్పు చేశాడు. హాస్టల్లో విందు తలపెట్టారు. దానికి పందిపిల్ల కావాలి. నాయిస్, అతని స్నేహితుడు ఒకరు రాత్రివేళ దగ్గర్లోని పొలానికి వెళ్లి ఒకదాన్ని ఎత్తుకొచ్చారు. తెల్లారాక మనసొప్పక, డబ్బు ఇచ్చేద్దామని ఇద్దరూ వెళ్లి చెప్పేశారు. ఆ పంది ఊరి మేయరుగారిది! అయోవా అంటేనే రైతుల రాష్ట్రం. అక్కడ పెంపుడు జంతువును దొంగిలించడం జైలుకు పంపగలిగేంత నేరం.

గేల్‌గారూ కాలేజీ అధ్యక్షుడూ రైతును బతిమాలి, నష్టం కట్టించి, కేసు లేకుండా చేశారు. కానీ శిక్ష తప్పలేదు. ఒక సెమిస్టరు కాలేజీకి రాకూడదు. ఆ నెలలు నాయిస్ న్యూయార్క్‌లో ఒక జీవిత బీమా కంపెనీలో లెక్కలు వేస్తూ గడిపాడు. జైలుకు వెళ్లి ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది. ఒక విద్యార్థి భవిష్యత్తు కోసం ఒక మేష్టారు రైతు ఇంటి గుమ్మం ఎక్కడం చిన్న విషయం కాదని మేము అనుకుంటున్నాం.

అతను తిరిగి వచ్చేసరికి గేల్‌గారి చేతికి ఒక అపురూపమైన వస్తువు వచ్చి ఉంది. 1947 చివర్లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. దాన్ని కనిపెట్టినవారిలో ఒకరైన జాన్ బార్డీన్ గేల్‌కు పాత పరిచయస్థుడు. బెల్ ల్యాబ్స్ అధ్యక్షుడేమో గ్రినెల్ కాలేజీ పూర్వవిద్యార్థి. ఆ చనువుతో గేల్ తొలి ట్రాన్సిస్టర్లలో రెండింటిని తెప్పించుకున్నారు. మొక్కజొన్న పొలాల మధ్య ఉన్న ఒక చిన్న కాలేజీలో, దేశంలో పెద్దపెద్ద విశ్వవిద్యాలయాల్లో కూడా లేని పాఠం మొదలైంది. వేడెక్కి మాడిపోయే గాజు వాల్వుకు బదులు బఠాణీ గింజంత ఘనపదార్థం అదే పని చేస్తుందని తెలిసి నాయిస్ ఇక మరో విషయం వైపు చూడలేదు. 1949లో డిగ్రీ, 1953లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అంటే ఎంఐటీ నుంచి డాక్టరేటు. తర్వాత ఫిలడెల్ఫియాలో ఫిల్కో కంపెనీలో ఉద్యోగం.

1956లో విలియం షాక్లీ నుంచి పిలుపు వచ్చింది. ట్రాన్సిస్టర్‌కు నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. కాలిఫోర్నియాలో సొంత కంపెనీ పెడుతున్నారు. నాయిస్ భార్యాబిడ్డలతో దేశం ఆ చివరికి బయల్దేరాడు. ఇంటర్వ్యూ మధ్యాహ్నం ఉంటే పొద్దునే అక్కడ ఇల్లు కొనేశాడని చెబుతారు. క్వార్టరు అలాటయ్యేదాకా సూట్‌కేసులు విప్పని మన ఇళ్లవాళ్లకు ఇది కొంచెం ఎక్కువ ధైర్యంలా అనిపిస్తుంది.

షాక్లీ గొప్ప శాస్త్రవేత్త. కానీ పనివాళ్లను నమ్మే మనిషి కాడు. చిన్న ప్రమాదం జరిగితే ఎవరో కావాలని చేశారని అబద్ధం పట్టే యంత్రం మీద పరీక్షించాలన్నాడు. ఏడాది తిరిగేసరికి ఏడుగురు యువకులు బయటికి వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నారు. వాళ్లకు నాయకుడు కావాలి. నాయిస్ చాలా రోజులు ఊగిసలాడి చివరికి ఎనిమిదోవాడిగా చేరాడు. 1957లో ఎనిమిది మందీ ఒకేసారి రాజీనామా చేశారు. ద్రోహులైన ఎనిమిది మంది అనే పేరు వాళ్లకు పడి చరిత్రలో నిలిచిపోయింది. ఒక్కొక్కరు 500 డాలర్లు వేసుకున్నారు. మిగతా పెట్టుబడి ఫెయిర్‌చైల్డ్ అనే కెమెరా కంపెనీ పెట్టింది. అలా ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పుట్టింది. ఇంటెల్‌కూ ఏఎండీకీ పుట్టిల్లు అని మేము శీర్షికలో అన్నది ఈ కంపెనీనే.

ఇక్కడ కొంచెం ఆగాలి. నాయిస్ పేరు నిలబెట్టిన పని ఇక్కడే జరిగింది. అప్పట్లో ఒక సిలికాన్ పలక మీద వందల ట్రాన్సిస్టర్లు తయారు చేసి, వాటిని ముక్కలు ముక్కలుగా కోసి, విడివిడిగా అమ్మేవారు. కొన్నవాళ్లు వాటిని మళ్లీ తీగలతో ఒకదానికొకటి అతికించుకునేవారు. అతికించేది చేతులతో, సూక్ష్మదర్శిని కింద. వెయ్యి అతుకుల్లో ఒక్కటి ఊడినా యంత్రం పనిచేయదు. కోసి మళ్లీ కలపడం దేనికి, మొదటే కలిపి ఉంచితే పోలేదా అన్న ఆలోచన ఇద్దరికి విడివిడిగా వచ్చింది. మొదటివాడు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేసే జాక్ కిల్బీ. 1958 సెప్టెంబర్‌లో ఆయన ఒకే ముక్క మీద ఒక సర్క్యూట్ అంతా పనిచేయించి చూపించాడు. అయితే భాగాల మధ్య సన్నని బంగారు తీగలు బయటే వంతెనల్లా వేలాడుతున్నాయి.

ఫెయిర్‌చైల్డ్‌లో నాయిస్ సహచరుడు జీన్ హోర్నీ అప్పటికే మరో ఉపాయం పట్టాడు. ట్రాన్సిస్టర్ తయారవుతున్నప్పుడు సిలికాన్ మీద ఏర్పడే ఆక్సైడ్ పొరను అందరూ మురికి అనుకుని గీకేసేవారు. హోర్నీ దాన్ని అలాగే ఉంచి లోపలి భాగాలకు కవచంగా వాడుకున్నాడు. 1959 జనవరిలో నాయిస్ ఆ పొరను చూసి ఇంకో అడుగు వేశాడు. ఆ పొర కరెంటును పోనివ్వదు. అలాంటప్పుడు కావలసిన చోట సన్న రంధ్రాలు పెట్టి, దాని మీద అల్యూమినియం గీతలు పరిస్తే తీగల అవసరమే ఉండదు. చేత్తో అతికించే పని పోయి అచ్చు వేసే పని అయింది. నాయిస్ రాసుకున్నది నిజమైన చిప్‌గా మారడానికి మరో సహచరుడు జే లాస్ట్ బృందం ఏడాదికి పైగా కష్టపడింది. వాళ్ల పేర్లు పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తాయి, అందుకే ఇక్కడ రాస్తున్నాం.

కిల్బీ పేటెంటు దరఖాస్తు 1959 ఫిబ్రవరిలో, నాయిస్ దరఖాస్తు అదే ఏడాది జులైలో. పేటెంటు మాత్రం ముందుగా, 1961 ఏప్రిల్‌లో, నాయిస్‌కు దక్కింది. రెండు కంపెనీలు దాదాపు పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాయి. భాగాలను కలిపే పద్ధతి విషయంలో తీర్పు చివరికి నాయిస్ పక్షానికే వచ్చింది. కానీ ఈలోపే, 1966లో, కంపెనీలు రాజీపడి ఒకరి హక్కులు ఒకరు వాడుకుందామని ఒప్పుకున్నాయి. ఎవరు గొప్ప అని ఇప్పటికీ అడుగుతారు. ముందు పనిచేసి చూపించింది కిల్బీ, లక్షల సంఖ్యలో తయారు చేసే దారి చూపింది నాయిస్. మా లెక్కలో ఇద్దరూ సమానమే. వాళ్లిద్దరూ ఒకరి గురించి ఒకరు చెడుగా మాట్లాడుకోలేదన్నది మాకు ఇంకా నచ్చిన విషయం. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకలను నడిపిన కంప్యూటర్‌లోకి ఇలాంటి చిప్‌లే వెళ్లాయి.

చిప్ బాగుంది, కానీ ఖరీదు ఎక్కువ. విడి భాగాలు కొని అతికించుకుంటేనే చవక. ఎవరూ కొనడం లేదు. నాయిస్ అప్పుడు చిప్ ధరను విడిభాగాల మొత్తం ధర కంటే కిందికి, తమకు పడే ఖర్చు కంటే కూడా కిందికి దించేశాడు. కొనేవాళ్లు పెరిగితే తయారీ పెరుగుతుంది, తయారీ పెరిగితే ఖర్చు తగ్గుతుంది అన్నది లెక్క. లెక్క నిజమైంది. మన చేతికి కంప్యూటర్ వచ్చేంత చవక కావడానికి కారణాల్లో ఇదొకటి.

ఫెయిర్‌చైల్డ్ అంత సంపాదిస్తున్నా లాభం తూర్పు తీరంలోని మాతృసంస్థకే పోయేది. పై పదవి ఖాళీ అయినప్పుడు నాయిస్‌ను పక్కన పెట్టారు. 1968 జులైలో ఆయన గోర్డన్ మూర్‌తో కలిసి బయటికొచ్చి ఇంటెల్ పెట్టారు. ఆర్థర్ రాక్ అనే పెట్టుబడిదారు 25 లక్షల డాలర్లు ఇట్టే సమకూర్చారు. నాయిస్ పేరు చూసి అడిగినవాళ్లందరూ ఇచ్చారు. గ్రినెల్ కాలేజీ కూడా వాటా కొంది. పంది కేసులో శిక్ష వేసిన కాలేజీయే ఆ వాటాల మీద తర్వాత ఎన్నో రెట్లు సంపాదించింది.

ఫెయిర్‌చైల్డ్ అమ్మకాల విభాగంలో జెర్రీ శాండర్స్ అనే యువకుడు ఉండేవాడు. ఖరీదైన బట్టలు, పెద్ద మాటలు, గొప్ప అమ్మకందారు. నాయిస్‌కు అతనంటే అభిమానం. నాయిస్ వెళ్లిపోయాక కొత్త యాజమాన్యం శాండర్స్‌ను ఇంటికి పంపేసింది. 1969 మే 1న అతను మరో ఏడుగురితో కలిసి అడ్వాన్స్‌డ్ మైక్రో డివైసెస్ పెట్టాడు. అదే ఏఎండీ. అతను శాస్త్రవేత్త కాడు కాబట్టి డబ్బు పుట్టడమే కష్టమైంది. గడువు దగ్గరపడుతుండగా కావలసిన మొత్తం అతి కష్టం మీద పూర్తయింది. ఆ కష్టకాలంలో సొంత డబ్బు ఇచ్చినవారిలో నాయిస్ ఒకరు. తన కంపెనీకి ఇంకా ఏడాది నిండలేదు. తన పాత ఉద్యోగి పెడుతున్నది రేపు పోటీకి రాగల కంపెనీ. అయినా ఇచ్చాడు.

దీన్ని మంచితనం అనాలా, వ్యాపార బుద్ధి అనాలా అని మాలో మేమే చాలాసేపు వాదించుకున్నాం. అప్పటి వ్యాపారంలో ఒక ఆచారం ఉండేది. ఒకే కంపెనీ తయారు చేసే చిప్‌ను నమ్మి పెద్ద యంత్రం కట్టడానికి ఎవరూ ముందుకు రారు. ఆ కంపెనీ మూతపడితే గతేమిటి? అందుకే అదే చిప్‌ను తయారు చేసే రెండో కంపెనీ ఉండాలని అడిగేవారు. ఏఎండీ చాలాకాలం అలాంటి రెండో కంపెనీగానే బతికింది. కాబట్టి ఇద్దరూ ఉండటం ఇద్దరికీ లాభమే. అయినా డబ్బు ఇచ్చిన రోజున ఇవన్నీ ఎవరూ లెక్క కట్టలేరు. కష్టంలో ఉన్న కుర్రాడికి చేయి అందించడం, గేల్‌గారు తనకు చేసినట్టే, నాయిస్ స్వభావంలో ఉందని మాకు తోస్తుంది.

ఇంటెల్‌లో ఆయన అధికారులకు వేరే భోజనశాలలు పెట్టలేదు, కారు నిలపడానికి ప్రత్యేక స్థలాలు కేటాయించలేదు. 1969లో బిజికామ్ అనే జపాన్ కంపెనీ తమ లెక్కల యంత్రం కోసం డజను రకాల చిప్‌లు అడిగింది. అన్ని రకాలు ఎందుకు, ఏ పని చెబితే ఆ పని చేసే చిప్ ఒక్కటి చాలు అని టెడ్ హాఫ్ అనే ఇంజనీరు ఆలోచించాడు. నాయిస్ వెన్ను తట్టాడు. స్టాన్ మేజర్, ఫెడెరికో ఫాజిన్, జపాన్ నుంచి వచ్చిన మసతోషి షిమా కలిసి దాన్ని సాధించారు. 1971 నవంబర్‌లో అది 4004 పేరుతో బజారుకు వచ్చింది. అందులో 2300 ట్రాన్సిస్టర్లు.

నాయిస్‌కు లోపాలు లేవని కాదు. ఎవరినీ నొప్పించలేడు. కాదు అని చెప్పాల్సిన చోట చెప్పలేడు. ఉద్యోగులను మందలించే పని, తొలగించే పని ఆండ్రూ గ్రోవ్ మీద పడేది. నాయకుడికి మంచివాడనే పేరు ఉంటే ఆ పక్కనే ఇంకొకరు చెడ్డవారు కావలసి వస్తుంది కాబోలు. 1975లో ఆయన రోజువారీ పనుల నుంచి తప్పుకుని చైర్మన్ అయ్యారు.

తర్వాత పోటీ ముదిరింది. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌కు ఇంటెల్ 8088 తీసుకుంటూ రెండో తయారీదారు ఉండాలని పట్టుబట్టింది. 1982లో ఇంటెల్, ఏఎండీ ఒప్పందం రాసుకున్నాయి. 386 చిప్ వచ్చేసరికి ఇంటెల్ మనసు మార్చుకుని ఎవరికీ ఇవ్వనంది. ఏఎండీ వ్యాజ్యం వేసింది. 1995లో గానీ రాజీ కుదరలేదు. మన దేశం నుంచి వెళ్లిన వినోద్ ధామ్ ఇంటెల్‌లో పెంటియం రూపకల్పనకు నాయకత్వం వహించి, తర్వాత నెక్స్‌జెన్ అనే చిన్న కంపెనీకి వెళ్లారు. ఆ కంపెనీని ఏఎండీ కొనేయడంతో అటు ఇంటెల్‌కూ ఇటు ఏఎండీకీ పనిచేసిన మనిషి అయ్యారు. ఈ రెండు కంపెనీల మధ్య గోడ ఎప్పుడూ అంత ఎత్తుగా లేదు.

నాలుగు కోర్ల పోటీని నాయిస్ చూడలేదు. కానీ ఆయన బతికి ఉంటే నవ్వుకునేవారు. ప్రాసెసర్ వేగం పెంచుతూ పోతే వేడి పెరుగుతుంది. 2004 ప్రాంతంలో పెంటియం 4 సుమారు 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. ఒక్కణ్ణి పరిగెత్తించే బదులు ఇద్దర్ని, తర్వాత నలుగుర్ని పనిలో పెట్టాలని రెండు కంపెనీలూ అనుకున్నాయి. ఇంటెల్ తొందరపడి రెండు కోర్ల సిలికాన్ ముక్కలను రెండింటిని ఒకే పొట్లంలో పక్కపక్కన పెట్టింది. 2007 మొదట్లో వచ్చిన కోర్ 2 క్వాడ్ క్యూ6600 అదే. 2.4 గిగాహెర్ట్జ్, 8 మెగాబైట్ల క్యాష్, 58 కోట్ల ట్రాన్సిస్టర్లు. ఏఎండీ మాత్రం నాలుగు కోర్లూ ఒకే సిలికాన్ ముక్క మీద ఉండాలని పట్టుదలకు పోయింది. 2007 నవంబర్‌లో ఫినమ్ తెచ్చింది. గీసిన బొమ్మ చూస్తే ఏఎండీదే అందం. విడి ముక్కలు అతికించవద్దు, ఒకే పలక మీద ఉంచండి అన్న నాయిస్ పాఠాన్ని ఆయన కంపెనీ పక్కనపెడితే, ఎదుటి కంపెనీ పాటించింది.

గెలిచింది మాత్రం అతికించినదే. మొదట వచ్చిన ఫినమ్‌లు 2.2, 2.3 గిగాహెర్ట్జ్ దాటలేదు. పైగా తొలి విడత చిప్‌లలో ఒక లోపం బయటపడింది. దాన్ని సర్దితే వేగం పడిపోయేది. సరిచేసిన చిప్‌లు 2008 మార్చిలో వచ్చాయి. 2008 నవంబర్‌లో ఇంటెల్ తన కోర్ ఐ7లో నాలుగు కోర్లనూ ఒకే ముక్క మీదికి తెచ్చింది. మెమరీని నడిపే భాగాన్ని కూడా ఏఎండీ ఎప్పటి నుంచో చేస్తున్నట్టే ప్రాసెసర్‌లోకి చేర్చింది. ఆ ఏడాది పోటీలో ఓడిపోయిన ఆలోచన మరుసటి ఏడాది గెలిచినవాడి ఇంట్లో స్థిరపడింది.

అందుకే కంపెనీ పేరు చూసి కొనడంలో అర్థం లేదని మా వాదన ముగిసింది. మరి ఏం చూడాలి? నాలుగు కోర్లంటే నాలుగు రెట్ల వేగం కాదు. నలుగురు కూర్చుని పూరీలు వత్తినా పొయ్యి మీద మూకుడు ఒక్కటే అయితే విందు నాలుగో వంతు సమయంలో సిద్ధం కాదు. దీన్నే జీన్ ఆమ్‌డాల్ 1967లో లెక్కగా చూపించాడు. ఒక పనిలో సగం మాత్రమే పంచుకోవడానికి వీలైతే, నాలుగు కోర్లతో 1.6 రెట్ల వేగమే వస్తుంది. మన పైథాన్ ప్రాజెక్టులు చాలావరకు ఒక్క కోరుతోనే నడుస్తాయి. వీడియో కూర్చే అక్కయ్యకు నాలుగూ ఉపయోగపడతాయి.

అన్నిటికంటే ముందు మీ మదర్‌బోర్డు సాకెట్ చూడండి. క్యూ6600కు ఎల్‌జీఏ775 బోర్డు కావాలి. ఫినమ్‌ను పాత ఏఎం2 బోర్డుల్లో చాలావాటి మీద, బయాస్ కొత్తది ఎక్కించి, పెట్టుకునే వీలుండేది. ఇప్పటికీ తేడా అలాంటిదే. ఇంటెల్ రెండు మూడు తరాలకోసారి సాకెట్ మారుస్తుంది. ఏఎండీ ఏఎం4 సాకెట్ 2017 నుంచి ఎన్నో రైజెన్ తరాలకు పనికొచ్చింది. అంటే పాత బోర్డు ఉంచుకుని ప్రాసెసర్ ఒక్కటే మార్చాలనుకునేవాళ్లకు ఏఎం4 మేలు. బోర్డు, మెమరీ అన్నీ కొత్తగా కొనేవాళ్లు ఆ రోజు ధరలు చూసుకుంటే చాలు. ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. ఏఎం4 రైజెన్‌లలో చివర జీ ఉంటేనే గ్రాఫిక్స్ ఉంటుందని గుర్తుంచుకోవచ్చు. ఇది తెలియక కొంటే ఇంటికొచ్చాక తెర నల్లగానే ఉంటుంది. మీ యంత్రంలో ఇంకా పాత హార్డ్‌డిస్కే తిరుగుతుంటే ప్రాసెసర్ మాట తర్వాత, ముందు ఎస్‌ఎస్‌డీ పెట్టించండి.

లారీలో సామాన్లు వెళ్లే మనలాంటి ఇళ్లకు ఇంకొక్క మాట. ఏఎం4లో సూదులు ప్రాసెసర్ అడుగున ఉంటాయి, ఇంటెల్‌లో బోర్డు మీద ఉంటాయి. ఏఎం4 కూలర్‌ను ఒక్కసారిగా లాగితే పేస్టుకు అంటుకున్న ప్రాసెసర్ కూడా ఊడొచ్చి సూదులు వంగుతాయి. యంత్రం కాసేపు నడిపి, వేడెక్కాక ఆపి, మెల్లగా తిప్పుతూ తీయాలి. బరువైన కూలర్ ఉంటే ప్రయాణానికి ముందే తీసి విడిగా సర్దడం మంచిది.

నాయిస్ చివరి రోజులు పోటీలో కాక కలపడంలో గడిచాయి. 1980లలో జపాన్ మెమరీ చిప్‌లు అమెరికా కంపెనీలను దెబ్బతీశాయి. 1985లో ఇంటెల్ ఆ వ్యాపారమే వదులుకుంది. అప్పుడు ప్రత్యర్థి కంపెనీలన్నీ, ఇంటెల్, ఏఎండీ సహా, తయారీ పద్ధతులను కలిసి పరిశోధించడానికి సెమాటెక్ అనే సంస్థ పెట్టుకున్నాయి. దానికి అధిపతిగా ఎవరూ దొరకలేదు. అరవై దాటిన నాయిస్ 1988లో ఆ బాధ్యత తీసుకుని, ఇల్లు మార్చి, టెక్సస్‌లోని ఆస్టిన్ వెళ్లారు. అదే ఆయన చివరి మకాం. 1990 జూన్ 3 ఉదయం ఈత కొట్టి వచ్చాక గుండెపోటుతో మరణించారు. వయసు 62.

పదేళ్ల తర్వాత, 2000 సంవత్సరంలో, చిప్‌ను కనిపెట్టినందుకు జాక్ కిల్బీకి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. చనిపోయినవారికి ఆ బహుమతి ఇవ్వరు. బహుమతి అందుకున్నప్పటి ప్రసంగంలో కిల్బీ నాయిస్ పేరు తలచుకున్నారు.